19 ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన ఇండియానా జోన్స్: గ్రహాంతరవాసులు కాదు అసలు సమస్య

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇండియానా జోన్స్ అనే పురావస్తు ప్రొఫెసర్ సాహసాల సిరీస్‌లో మొదటి మూడు సినిమాలంటే మీకు ప్రాణం. 2008లో వచ్చిన నాలుగోది, ‘కింగ్‌డమ్ ఆఫ్ ది క్రిస్టల్ స్కల్’, ఈమధ్యే చూసి నిరాశపడ్డారు. గ్రహాంతరవాసుల్ని తీసుకురావడం వల్ల చెడిందా, హీరో హారిసన్ ఫోర్డ్ వయసు వల్లా, లేక ఇన్నేళ్ల తర్వాత తీసే సీక్వెల్స్ అన్నీ ఇంతేనా అని అడిగారు. 2023లో వచ్చిన ఐదోది చూడాలా వద్దా అని కూడా అడిగారు.

నేను చాలా ఏళ్లు ఎడిటింగ్ గదుల్లో పనిచేశాను. ఇప్పుడు ఎడిటింగ్ నేర్పుతున్నాను. ఈ సిరీస్‌లోని యాక్షన్ సీన్లను విద్యార్థులతో కూర్చుని షాట్ తర్వాత షాట్ విప్పి చూడటం నాకు ఇష్టమైన పని. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

గ్రహాంతరవాసులు కారణం కాదు. వయసు అసలే కాదు. ఆలస్యంగా వచ్చిన సీక్వెల్‌లో హీరోకి అసలు ప్రత్యర్థి గడిచిపోయిన కాలం. ఆ కాలం అతని దగ్గర్నుంచి ఏదైనా లాక్కున్నట్టు కనిపించిన ప్రతి చోటా నాలుగో సినిమా నిలబడింది. అతనికి ఏమీ కానట్టు, దెబ్బ తగలనట్టు, ఏదీ పోనట్టు నటించిన ప్రతి చోటా జారిపోయింది. రెండు రకాల సీన్లూ అందులోనే ఉన్నాయి. అందుకే అది పూర్తిగా చెడ్డ సినిమా అనిపించదు, పూర్తిగా నచ్చనూ నచ్చదు.

ముందు ఆ ఆలస్యం గురించి చెప్పాలి. మూడో సినిమా ‘లాస్ట్ క్రూసేడ్’ 1989లో వచ్చింది. చివర్లో తండ్రీకొడుకులు, మిత్రులు గుర్రాల మీద అస్తమించే సూర్యుడి వైపు వెళ్లిపోతారు. కథ ముగిసిందని ప్రేక్షకులకి స్పష్టంగా చెప్పిన ముగింపు అది. ఆ తర్వాత కొన్నేళ్లకే సిరీస్ సృష్టికర్త జార్జ్ లూకాస్ గ్రహాంతరవాసుల ఆలోచన తెచ్చాడు. దర్శకుడు స్పీల్‌బర్గ్‌కీ ఫోర్డ్‌కీ అది నచ్చలేదు. 1996లో ‘ఇండిపెండెన్స్ డే’ పెద్ద హిట్టయ్యాక స్పీల్‌బర్గ్ ఇంకా వెనక్కి తగ్గాడు. తర్వాత ఫ్రాంక్ డారబాంట్ ఒక స్క్రిప్ట్ రాశాడు. స్పీల్‌బర్గ్‌కి బాగా నచ్చింది, లూకాస్ ఒప్పుకోలేదు. చివరికి తెరకెక్కింది డేవిడ్ కోయెప్ రాసిన స్క్రీన్‌ప్లే. కథ క్రెడిట్ లూకాస్‌కీ జెఫ్ నాథన్‌సన్‌కీ వెళ్లింది.

లూకాస్, స్పీల్‌బర్గ్, ఫోర్డ్ ముగ్గురూ సమాన బలం ఉన్నవాళ్లు. ఏ ఒక్కరు కాదన్నా సినిమా లేదు. అలాంటప్పుడు ఎవరికీ పూర్తిగా నచ్చని, ఎవరూ గట్టిగా కాదనలేని మధ్యే మార్గం ఒకటి మిగులుతుంది. సినిమాలో ఈ గ్రహాంతరవాసులు అంతరిక్షం నుంచి వచ్చినవాళ్లు కాదు, వేరే పరిమాణం (డైమెన్షన్) నుంచి వచ్చినవాళ్లు అనే మాట వినిపిస్తుంది చూడండి, నా ఉద్దేశంలో అది ఆ రాజీ తాలూకు మచ్చే. కథకి కేంద్రమైన స్ఫటిక పుర్రె, దాని వెనకున్న కథ తనకెప్పుడూ నచ్చలేదని స్పీల్‌బర్గ్ తర్వాత ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు కూడా. దర్శకుడు నమ్మని వస్తువు చుట్టూ రెండు గంటల సినిమా నడిపితే ఆ అపనమ్మకం ఎక్కడో ఒకచోట తెరమీద తేలుతుంది.

అయినా లూకాస్ ఆలోచనలో తర్కం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం అన్యాయం. మొదటి మూడు సినిమాల కథలు 1930లలో జరుగుతాయి: 1935, 1936, 1938. ఆ రోజుల్లో వారం వారం వచ్చిన సీరియల్ సినిమాల రుచి వాటిది. ఫోర్డ్ వయసు పెరిగింది కాబట్టి కథని 1957కి తెచ్చారు. 1938 నుంచి 1957కి 19 ఏళ్లు, 1989 నుంచి 2008కీ 19 ఏళ్లే. నటుడి వయసూ పాత్ర వయసూ ఒకే లెక్కన పెరిగాయి. ఇంత నిజాయితీగా కాలాన్ని లెక్కగట్టిన సీక్వెల్స్ తక్కువ. 1950లకి వచ్చాక ఆనాటి చిన్న బడ్జెట్ సినిమాలు ఎలాంటివి? ఎగిరే పళ్లేలు, అణుభయం, మన మనసుల్లోకి చొరబడే శత్రువులు. కాలం మారింది కాబట్టి కథల జాతి కూడా మారాలన్నది లూకాస్ వాదన. నాకది మంచి వాదనగానే తోస్తుంది.

పైగా ఈ సిరీస్‌లో అసాధ్యమైనవి మొదటి నుంచీ ఉన్నాయి. మొదటి సినిమాలో పెట్టె తెరిస్తే ఆత్మలు బయటికొచ్చి మనుషుల ముఖాలు కరిగిపోతాయి. మూడో సినిమాలో కొన్ని వందల ఏళ్లుగా బతికున్న యోధుడు క్రీస్తు వాడాడని చెప్పే పవిత్ర పాత్రని కాపలా కాస్తుంటాడు. వాటిని ఒప్పుకున్నవాళ్లం ఎగిరే పళ్లేన్ని ఎందుకు ఒప్పుకోం? తేడా ఎక్కడుందంటే, ఆ వస్తువులు హీరోని ఏమడిగాయి అన్న దగ్గర.

మొదటి సినిమాలో ఇండీ దేన్నీ నమ్మని మనిషి. ఆ పెట్టె అతన్ని కళ్లు మూసుకోమంది. చూడాలన్న ఆశ వదులుకుంటేనే బతుకుతాడు. మూడో సినిమాలో ఆ పవిత్ర పాత్ర అతని చేతికి అందేంత దూరంలో ఉంటుంది. జీవితమంతా దాని కోసమే వెతికిన తండ్రి, దాన్ని వదిలేయమంటాడు. ఆ క్షణంలో కొడుకుని ముద్దుపేరుతో, అతను కోరుకున్న పేరుతో పిలుస్తాడు. కన్నీళ్లు రప్పించేది ఆ పాత్ర కాదు, దాన్ని వదులుకోవడం. మరి స్ఫటిక పుర్రె ఇండీని ఏమడిగింది? తీసుకెళ్లి దాని చోట పెట్టమంది. పెట్టేశాడు. అతను ఏమీ కోల్పోలేదు, ఏమీ ఎంచుకోలేదు. సర్వజ్ఞానం కావాలని కోరి కాలిపోయింది కేట్ బ్లాంచెట్ పోషించిన స్పాల్కో. అంటే క్లైమాక్స్‌లో అసలు పరీక్ష విలన్‌కి వచ్చింది, హీరో పక్కన నిలబడి చూశాడు. మీకు చివర్లో ఖాళీగా అనిపించిందన్నారు కదా, దాని కారణం ఇదేనని నా నమ్మకం. ఆ గుహలో ఎగిరే పళ్లెం బదులు దేవదూత ఉన్నా అదే ఖాళీ ఉండేది.

పుర్రెల సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి, నాకు చాలా ఆసక్తి ఉన్న విషయం. అలాంటి స్ఫటిక పుర్రెలు నిజంగానే మ్యూజియంలలో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం తన పుర్రెని 1897లో టిఫనీ కంపెనీ దగ్గర కొన్నది. అంతకుముందు అది యూజీన్ బోబాన్ అనే ఫ్రెంచి పురావస్తు వ్యాపారి చేతులు దాటి వచ్చింది. వాటిని చాలాకాలం ప్రాచీన మెక్సికో నాటివని నమ్మారు. బ్రిటిష్ మ్యూజియం, స్మిత్సోనియన్ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వాటి పైపొరని చూసినప్పుడు తిరిగే చక్రంతో అరగదీసిన గీతలు కనిపించాయి. స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడి శిల్పులకి అలాంటి చక్రాలు లేవు. ఆ ఫలితాలు అచ్చయింది 2008లోనే, సినిమా వచ్చిన ఏడాదే. ఇంకో ప్రసిద్ధ పుర్రె ఉంది, బెలీజ్‌లోని లుబాంతున్ శిథిలాల్లో దొరికిందని మిచెల్-హెడ్జెస్ కుటుంబం చెప్పుకున్నది. నిజానికి దాన్ని 1943లో లండన్‌లో ఒక వ్యాపారి దగ్గర కొన్నట్టు రికార్డులున్నాయి. ఒక ప్రొఫెసర్ జీవితమంతా అసలు వస్తువుల వెంట పరిగెత్తి, వయసు మీదపడ్డాక చేతికొచ్చినది నకిలీయేమో అని సందేహపడితే ఎంత గొప్ప కథ అయ్యేది! కాలం గడిచిన హీరోకి అంతకంటే సరిపోయే సంకటం నాకు తట్టదు. సినిమా ఆ తలుపు దగ్గరకే వెళ్లలేదు.

ఇక ఫ్రిజ్ సీన్. అందరూ వేలెత్తి చూపేది దీన్నే. నెవాడా ఎడారిలో అణుపరీక్ష, బొమ్మలతో నింపిన నకిలీ ఊరు, సీసం పూత ఉన్న ఫ్రిజ్‌లో దూరి ఇండీ బతికిపోవడం. ఆ ఊరు కల్పన కాదు. 1953లో, 1955లో నెవాడా పరీక్షా కేంద్రంలో నిజంగానే ఇళ్లు కట్టి, వాటిలో బొమ్మల కుటుంబాల్ని కూర్చోబెట్టి బాంబు పేల్చారు. ఫ్రిజ్ ఆలోచన తనదేనని స్పీల్‌బర్గ్ చెప్పాడు. లూకాస్ మాత్రం తనని కాపాడటానికే స్పీల్‌బర్గ్ అలా అంటున్నాడని, ఆ ఆలోచన వెనక తానూ ఉన్నానని అన్నాడు. ఆ గొడవ అటుంచితే, భౌతిక శాస్త్రం ఒప్పుకోదనే వాదన నాకెప్పుడూ బలంగా అనిపించలేదు. రెండో సినిమాలో ముగ్గురు మనుషులు గాలి నింపే పడవలో విమానం నుంచి దూకి, మంచు కొండ మీద పడి, కొండచరియ దాటి, నదిలోకి జారి బతికారు. అదీ అసాధ్యమే, మనం చప్పట్లు కొట్టాం.

ఫ్రిజ్ సీన్ చివరి షాట్ మళ్లీ చూడండి. ఇండీ ఒక మట్టి దిబ్బ మీద నిలబడి ఉంటాడు, మనకి వెన్ను మాత్రమే కనిపిస్తుంది. టోపీ, జాకెట్, చిన్న నల్లని ఆకారం. ఎదురుగా ఆకాశమంతా పుట్టగొడుగు మేఘం. మొత్తం సిరీస్‌లో అత్యుత్తమ ఫ్రేముల్లో అది ఒకటి అంటాను. కొరడా, గుర్రం, మ్యాపు తెలిసిన 1930ల మనిషి, ఒక్క బటన్‌తో ఊరిని మాయం చేసే లోకంలోకి వచ్చి పడ్డాడు. ఆలస్యంగా వచ్చిన సీక్వెల్ చెప్పాల్సినదంతా ఆ ఒక్క షాట్ చెప్పేసింది. బాధ ఏమిటంటే, తర్వాత సినిమా దాన్ని వాడుకోదు. అతన్ని కడిగి, తుడిచి, తర్వాతి సీన్‌కి పంపిస్తారు. ఒంటి మీద గాయం లేదు, మనసులో భయం లేదు. ఆ మేఘాన్ని చూసిన మనిషిలో ఏం మారిందో మిగతా సినిమాలో ఎక్కడా తెలియదు. ప్రేక్షకులు ‘ఫ్రిజ్‌లో ఎలా బతుకుతాడు’ అని నవ్వుతున్నది నిజానికి ఈ లోపాన్ని పసిగట్టే. హీరోకి దెబ్బ తగలదని తెలిసిపోయిన క్షణం నుంచి టెన్షన్ పోతుంది.

దీన్ని మొదటి సినిమాలోని ట్రక్ ఛేజ్‌తో పోల్చండి. నేను విద్యార్థులకి మొట్టమొదట చూపించేది దాన్నే. దానిలో ఎక్కువ భాగాన్ని ట్యునీసియాలో సెకండ్ యూనిట్ (యాక్షన్ షాట్లు విడిగా తీసే బృందం) దర్శకుడు మిక్కీ మూర్ తీశాడు. ఇండీ ట్రక్ కిందకి జారి, వెనక నుంచి బయటికొచ్చి, కొరడా పట్టుకుని ఈడ్చుకుపోయే ఘట్టం చేసింది టెర్రీ లెనార్డ్ అనే స్టంట్‌మ్యాన్. మనిషి పట్టడానికి రోడ్డు మధ్య కాలువలా తవ్వారు, ట్రక్కుని కాస్త ఎత్తు పెంచారు. ఆ ఛేజ్‌లో ఇండీ చేతికి బుల్లెట్ తగులుతుంది. తర్వాత ఒక సైనికుడు సరిగ్గా ఆ గాయం మీదే గుద్దుతాడు. అద్దం పగిలి అందులోంచి బయటికి విసిరేయబడతాడు. ఛేజ్ అయ్యాక ఓడలో ప్రియురాలు మేరియన్ అతని గాయాలకి మందు పూస్తుంటే, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే. చివరికి అలసిపోయి ముద్దు మధ్యలో నిద్రపోతాడు. ఆ ప్రేమ సన్నివేశం అంత బాగుండటానికి కారణం వెనకటి ఛేజ్‌లో పడ్డ ప్రతి దెబ్బకీ అక్కడ లెక్క చెప్పడమే. నొప్పి ఒక సీన్ నుంచి ఇంకో సీన్‌కి ప్రయాణించింది. ఎడిటింగ్‌లో దీనికి మించిన కొనసాగింపు లేదు.

నాలుగో సినిమాలో అడవి ఛేజ్ చూడండి. ఒక దారి పక్కన ఇంకో దారి, వాటి మీద జీపులు, జీపుల మీద కత్తియుద్ధం. ఎవరు ఎక్కడున్నారో ఒక్క క్షణం కూడా అయోమయం కలగదు. స్పీల్‌బర్గ్ పనితనం, మైకేల్ కాన్ ఎడిటింగ్ ఎప్పటిలాగే అద్భుతం. మొదటి నాలుగు సినిమాలనీ కానే ఎడిట్ చేశాడు, నాలుగోదాన్ని కూడా ఫిల్మ్ మీదే కోశారు. కానీ ఆ ఛేజ్‌కి బరువు లేదు. కొంత హవాయిలో తీసి, చాలా భాగం కంప్యూటర్‌లో కలిపారు. చక్రాల కింద మట్టి లేవదు, కొమ్మ తగిలితే ముఖం గీసుకోదు. ఇండీ కొడుకు మట్ అడవి తీగలు పట్టుకుని కోతులతో పాటు ఊగుతూ జీపుల్ని అందుకునే చోట నాకు ఆ పాత్ర మీద ఉన్న నమ్మకమంతా పోతుంది. వరసగా మూడు జలపాతాల మీంచి పడ్డా ఎవరికీ ఏమీ కాదు. మొదటిదానికి ఉలిక్కిపడతాం, మూడోదానికి ఎదురుచూస్తాం.

అదే సినిమాలో మోటార్ సైకిల్ ఛేజ్ ఉంది. యేల్ యూనివర్సిటీ ఉన్న న్యూ హేవెన్ వీధుల్లో నిజం బండ్లతో, నిజం కార్లతో తీశారు. ఇండీ బండి మీంచి కారు కిటికీలోకి లాగబడి, లోపల తన్నులు తిని, అవతలి కిటికీలోంచి మళ్లీ బండి మీదకొస్తాడు. చివరికి బండి లైబ్రరీలోకి జారుకుంటూ వెళ్లి బల్లల కింద ఆగుతుంది. కింద పడి ఉన్న ప్రొఫెసర్‌ని ఒక విద్యార్థి పాఠం గురించి సందేహం అడుగుతాడు, ఈయన జవాబు చెబుతాడు, మంచి పురావస్తు శాస్త్రవేత్త కావాలంటే లైబ్రరీ వదిలి బయటికి పొమ్మంటాడు. మూడో సినిమాలో క్లాసులో ఇదే మనిషి, ఈ పనిలో ఎక్కువ భాగం లైబ్రరీలోనే జరుగుతుందని పాఠం చెప్పాడు. వయసుతో వచ్చిన ఆ చిన్న మార్పుని ఒక్క మాటలో పట్టారు. సినిమా అంతా ఈ స్థాయిలో ఉండుంటే మీరు ఈ ప్రశ్న అడిగేవారు కాదు.

ఫోటోగ్రఫీ మీద కూడా ఒక మాట. మొదటి మూడు సినిమాలనీ తీసింది డగ్లస్ స్లోకోంబ్. మూడోదే ఆయన చివరి సినిమా. ఆయన వెలుతురు గట్టిగా, నీడలు పదునుగా ఉంటాయి. టోపీ నీడ ముఖం మీద కత్తిగీతలా పడుతుంది. నాలుగోదానికి యానుష్ కమిన్‌స్కీ వచ్చాడు. పాత సినిమాలు చూసి ఆ శైలిని పట్టే ప్రయత్నం చేశాడు. కానీ కిటికీల్లోంచి, దీపాల్లోంచి పొగమంచులా వ్యాపించే వెలుగు ఆయన సహజ ధోరణి, అది అక్కడక్కడా బయటపడిపోయింది. ఎడారి కూడా మెత్తగా కనిపిస్తుంది. కథ జరుగుతున్న చోటు గరుకుగా అనిపించకపోతే హీరో ఒంటికి తగిలే దెబ్బా గరుకుగా అనిపించదు.

వయసు గురించి అడిగారు. షూటింగ్ సమయంలో ఫోర్డ్‌కి 65 నిండాయి. నా దృష్టిలో సినిమా మొత్తంలో నూటికి నూరు పాళ్లు నమ్మదగినది అతనొక్కడే. ఈ పాత్ర ఎప్పుడూ అజేయుడు కాదు. మొదటి నుంచీ ఆయాసపడుతూ, పడుతూ లేస్తూ, చివరి క్షణంలో అదృష్టం కొద్దీ గట్టెక్కే మనిషి. అలాంటి పాత్రకి వయసు కలిసొస్తుంది. 1984 నాటి రెండో సినిమా తీసేటప్పుడు, నలభై ఏళ్ల వయసులోనే, ఫోర్డ్ వెన్ను దెబ్బతిని ఆపరేషన్ చేయించుకోవాల్సొచ్చింది. అప్పుడు వారాల తరబడి అతని బదులు కెమెరా ముందు నిలబడింది స్టంట్‌మ్యాన్ విక్ ఆర్మ్‌స్ట్రాంగ్. అంటే డూప్ వాడటం ముసలితనంతో వచ్చిన అవసరం కాదు. ఇంకోటి చూడండి: తండ్రిగా చేసిన షాన్ కానరీ ఫోర్డ్ కంటే 12 ఏళ్లే పెద్ద. అయినా ఎవరికీ అనుమానం రాలేదు, వాళ్లిద్దరి మధ్య ఉన్న కోపతాపాలు అంత నిజం కాబట్టి.

నాలుగో సినిమాలో నాకు బాగా ఇష్టమైన సీన్‌లో పరుగులే లేవు. ఎఫ్‌బీఐ అనుమానం వల్ల ఇండీ ఉద్యోగం పోయే పరిస్థితి వస్తుంది. ఇంట్లో పెట్టె సర్దుకుంటుంటాడు. బల్ల మీద తండ్రి ఫోటో, పాత మిత్రుడు మార్కస్ బ్రోడీ ఫోటో. మార్కస్ పాత్ర వేసిన డెన్‌హామ్ ఇలియట్ 1992లోనే చనిపోయాడు, కానరీ ఈ సినిమాలో నటించడానికి ఒప్పుకోలేదు. పక్కన జిమ్ బ్రాడ్‌బెంట్ వేసిన కాలేజీ డీన్. జీవితం మనకి ఇవ్వడం మానేసి, ఇచ్చినవి ఒక్కొక్కటే వెనక్కి తీసుకునే వయసు వచ్చిందనే అర్థం వచ్చే మాట ఒకటి ఆయన నోటి నుంచి వస్తుంది. ఫోర్డ్ ముఖం ఒక్కసారి చూడండి. 19 ఏళ్ల విరామం అక్కడ లోటు కాదు, ఆ సీన్‌కి బలమే అది. 1992లో ఇదే సీన్ తీసుంటే అంత బరువు ఉండేది కాదు.

ఆ సీన్ నుంచి కథ పుట్టుంటే బాగుండేది. కానీ కథ మట్‌కి, పుర్రెకి, స్పాల్కోకి, పాత మిత్రులు ఆక్స్‌లీకి, మ్యాక్‌కి పంచేశారు. కారెన్ అలెన్ మేరియన్‌గా తిరిగొచ్చినప్పుడు ఆమె నవ్వుతో తెర వెలుగుతుంది, తర్వాత ఆమెకి చేయడానికి పని లేదు. కొడుకు ఉన్నాడని తెలిసే సీన్ ఇసుక ఊబిలో సరదాగా నడిచిపోతుంది. తన తండ్రి తనని పట్టించుకోలేదని మూడో సినిమా అంతా బాధపడ్డ మనిషికి, తానూ కొడుకు జీవితంలో లేనని తెలిసింది. అదెంత పెద్ద దెబ్బ! దాన్ని రెండు జోకులతో దాటేశారు. నన్నడిగితే గ్రహాంతరవాసుల కంటే, ఫ్రిజ్ కంటే, ఈ సినిమా చేసిన పెద్ద పొరపాటు ఇదే.

అందరూ ఫ్లాప్ అన్నట్టు మాట్లాడతారు కానీ, 185 మిలియన్ డాలర్ల బడ్జెట్‌తో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా 790 మిలియన్ల దాకా వసూలు చేసింది. ఆ ఏడాది ‘ది డార్క్ నైట్’ తర్వాత రెండో స్థానం దానిదే.

ఇన్నేళ్ల తర్వాత తీస్తే ఏదైనా ఇంతేనా అన్నారు. కాదు. 1985లో మూడో ‘మ్యాడ్ మ్యాక్స్’ వచ్చింది, 30 ఏళ్లకి, 2015లో ‘ఫ్యూరీ రోడ్’ వచ్చింది. జార్జ్ మిల్లర్ హీరోనే మార్చాడు, మెల్ గిబ్సన్ బదులు టామ్ హార్డీని తీసుకున్నాడు. పాత సంగతులు గుర్తుచేసే పని పెట్టుకోలేదు. నమీబియా ఎడారిలో నిజం వాహనాలు పరిగెత్తించాడు. వందల గంటల ఫుటేజీని మార్గరెట్ సిక్సెల్ రెండు గంటలకి కుదించింది. చూడాల్సిన విషయం దాదాపు ప్రతి షాట్‌లోనూ ఫ్రేము మధ్యలో ఉంటుంది, అందుకే అంత వేగంలోనూ కన్ను వెతుక్కోదు. ఎడిటింగ్‌తో కలిపి ఆరు ఆస్కార్లు వచ్చాయి. 1986 నాటి ‘టాప్ గన్’కి 36 ఏళ్ల తర్వాత, 2022లో వచ్చిన ‘మేవరిక్’ ఇంకో దారి పట్టింది. అదే నటుడు, అదే పాత్ర, కానీ కథంతా గడిచిన కాలం గురించే: చనిపోయిన మిత్రుడి కొడుకు ఎదురుగా నిలబడ్డాడు, పైలట్ల అవసరమే తీరిపోతోందని పైవాళ్లు అంటున్నారు, పాత ప్రత్యర్థి జబ్బుతో మాట్లాడలేకపోతున్నాడు. ఆ సీన్‌లో వాల్ కిల్మర్ తన నిజం అనారోగ్యాన్నే తెర మీదకి తెచ్చాడు. నటుల్ని నిజం యుద్ధ విమానాల వెనక సీట్లలో కూర్చోబెట్టి తీశారు కాబట్టి వాళ్ల ముఖాలు సాగిపోవడం కూడా నిజమే. ఒకరు కాలాన్ని పక్కనబెట్టి కొత్త మనిషితో మొదలుపెట్టారు, ఇంకొకరు కాలాన్నే కథ చేశారు. రెండూ గెలిచాయి. నాలుగో ఇండియానా జోన్స్ రెండిట్లో ఏదీ పూర్తిగా ఎంచుకోలేదు. చివర్లో గాలికి టోపీ కొట్టుకొచ్చి మట్ కాళ్ల దగ్గర పడుతుంది, అతను తీసి పెట్టుకోబోతుంటే ఇండీ లాగేసుకుంటాడు. సరదాగా ఉంటుంది. కానీ ఆ క్షణం దాకా ఏ వైపు వెళ్లాలో సినిమా తేల్చుకోలేదని కూడా అదే చెబుతుంది.

ఇక ఐదోది, ‘డయల్ ఆఫ్ డెస్టినీ’. చూడండి. స్పీల్‌బర్గ్ దర్శకత్వం వహించని మొదటి ఇండియానా జోన్స్ సినిమా ఇది, దర్శకుడు జేమ్స్ మ్యాంగోల్డ్. బడ్జెట్ సుమారు 300 మిలియన్లు, వసూళ్లు 384 మిలియన్ల దగ్గర ఆగాయి. థియేటర్ల వాటా పోగా చూస్తే అది నష్టమే. అయినా నేను అడుగుతున్న విషయంలో, అంటే కాలం హీరో దగ్గర్నుంచి ఏం తీసుకుంది అనే విషయంలో, ఇది నాలుగోదాని కంటే ధైర్యమైన సినిమా. 1969, న్యూయార్క్. చంద్రుడి మీదకి వెళ్లొచ్చినవాళ్లకి ఊరేగింపు జరుగుతోంది. లోకమంతా పైకి, ముందుకి చూస్తోంది. ఇండీ రిటైరవుతున్నాడు, క్లాసులో విద్యార్థులు అతని పాఠం వినడం లేదు. ఎనభై ఏళ్ల ఫోర్డ్‌ని లోదుస్తుల్లో, వాలిపోయిన ఒంటితో 1969 కథ మొదలవగానే చూపిస్తారు. ఆ పాత్ర కోసం ఒక నటుడు అంత తెరుచుకోవడం నాకు చాలా గౌరవం కలిగించింది. ఇంట్లో పరిస్థితి ఎందుకలా ఉందో, మట్ సంగతేమిటో ముందుగా ఎక్కడా చదవకండి, సినిమాలోనే తెలుసుకోండి. నాలుగో సినిమా జోకులతో దాటేసిన బాధని ఇందులో ఒక రాత్రి సీన్‌లో ఫోర్డ్ కొన్ని మాటల్లో చెబుతాడు.

వస్తువు ఎంపిక కూడా మెరుగు. గ్రీసులో ఆంటికితెరా దీవి దగ్గర మునిగిన ఓడలోంచి 1901లో బయటపడ్డ, రెండు వేల ఏళ్ల నాటి కంచు గేర్ల యంత్రం దానికి ఆధారం. సూర్యచంద్రుల స్థానాలు, గ్రహణాలు లెక్కగట్టిన ఆ యంత్రం ముక్కలు ఇప్పుడు ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. సినిమా దాన్ని ఆర్కిమెడీస్‌కి అంటగట్టి కాలంలో ప్రయాణించే శక్తి ఇచ్చింది, అది కల్పన. కానీ కాలాన్ని కొలిచే వస్తువు వెంట కాలం చేతిలో ఓడిపోయిన మనిషి పరిగెత్తడంలో అర్థం ఉంది. ఆ వస్తువు చివర్లో అతన్ని నిజంగానే ఒకటి అడుగుతుంది. అదేమిటో చెప్పను.

లోపాలూ ఉన్నాయి. మొదట్లో 1944లో జరిగే భాగం చాలాసేపు నడుస్తుంది. పాత సినిమాల నాటి ఫుటేజీ సాయంతో ఫోర్డ్ ముఖాన్ని కంప్యూటర్‌లో కుర్రాడిలా మార్చారు. ఆగి ఉన్న షాట్లలో నిజంగా మోసపోతాం, కానీ గొంతు మాత్రం ఎనభై ఏళ్లది, నడకలో కూడా ఆ బరువు తెలుస్తుంది. మధ్యలో టాంజియర్ వీధుల్లో ఛేజ్ అవసరానికి మించి సాగుతుంది, దాన్ని నాకిస్తే మూడో వంతు తీసేసేదాన్ని. ఫీబీ వాలర్-బ్రిడ్జ్ పాత్ర కొందరికి చిరాకు తెప్పించింది. నాకైతే ఆమె మాటల వేగం ఇండీ అలసటకి మంచి జోడీ అనిపించింది.

ఒక పద్ధతి చెబుతాను. ఐదోది పెట్టే ముందు నాలుగోది మొత్తం మళ్లీ చూడక్కర్లేదు. గోదాము సీన్ నుంచి పుట్టగొడుగు మేఘం దాకా, ఆపై పెట్టె సర్దుకునే సీన్, న్యూ హేవెన్ ఛేజ్, చివర్లో పెళ్లి, ఇవి చూస్తే చాలు. తర్వాత మొదటి సినిమాలో ఓడ గదిలో మేరియన్ గాయాలకి మందు పూసే సీన్ ఒక్కటి గుర్తు తెచ్చుకుని ఐదోది మొదలుపెట్టండి. చూశాక ఎలా అనిపించిందో రాయండి, ముఖ్యంగా ఆఖరి పది నిమిషాల గురించి. వాటి మీద మాట్లాడటానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది.